చక్రంతో పాటు నట్టునూ చూసి బిగించండి: అలాయ్ వీల్స్ షాపుల వారికి బహిరంగ లేఖ

అలాయ్ వీల్స్ అమ్మే షాపుల యజమానులకు, వాటిని బిగించే మెకానిక్ సోదరులకు,

నమస్కారం.

మీ దగ్గరికి వచ్చే కస్టమర్లలో నేనూ ఒకణ్ణి. కారు కొన్న రెండేళ్లకు కంపెనీ రిమ్ములు తీసేసి కొత్త అలాయ్ వీల్స్ వేయించుకున్నాను. డిజైన్ చూశాను, రంగు చూశాను, టైరు ఫెండర్‌కు తగులుతుందేమోనని నాలుగుసార్లు అడిగాను. నట్ల గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. అడగాలని నాకు తెలియదు. మీలాంటి ఒక షాపులో పాత నట్లనే కొత్త చక్రాలకు బిగిస్తూ, "ఇవి కంపెనీ నట్లు సార్, వీటికన్నా గట్టివి బయట దొరకవు" అన్నారు. నేను సంతోషంగా తల ఊపి ఇంటికి వచ్చాను.

మూడు వందల కిలోమీటర్లు తిరిగానేమో, స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. బ్యాలెన్సింగ్ సరిగ్గా చేయలేదేమో, వారాంతంలో చూపిద్దాం అనుకున్నాను. మర్నాడు బండి నెమ్మదిగా వెళ్తుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. పక్కకు ఆపి వంగి చూశాను. ఐదు నట్లలో రెండు చేత్తోనే తిరుగుతున్నాయి. ఒక స్టడ్, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, మొదలంటా విరిగి, నట్టుతో సహా ఎక్కడో పడిపోయింది. ఆ తర్వాత చక్రం విప్పి చూస్తే, నట్టు కూర్చునే గుంటలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డులా సాగిపోయి ఉన్నాయి. చక్రం అడుగున సన్నటి నల్లటి అల్యూమినియం పొడి.

బిగించిన మనిషి పని ఎగ్గొట్టేవాడు కాదు. నా ఎదుటే ప్రతి నట్టునూ గట్టిగా బిగించాడు. నట్టు గట్టిదే, బిగింపు గట్టిదే. ఆ నట్టు కూర్చోవలసిన చోటు వేరు, ఆయన కూర్చోబెట్టిన చోటు వేరు. ఆ తేడా ఆయనకు ఎవరూ చెప్పలేదని నాకు తర్వాత అర్థమైంది. అందుకే ఈ లేఖ ఆ ఒక్క షాపుకు కాక మీ అందరికీ రాస్తున్నాను.

ముందుగా చక్రాన్ని నిలబెట్టేది ఏమిటో మాట్లాడుకుందాం. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కానీ తెలిసినవాళ్లు కూడా కౌంటర్ దగ్గర మరచిపోతున్నారు. చక్రం స్టడ్ల మీద వేలాడదు. నట్టు తిరిగేకొద్దీ స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్ తన పాత పొడవుకు రావాలని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు చక్రాన్ని హబ్ ముఖానికి, అంటే ఇరుసు చివర చక్రం ఆనే చోటికి, అదిమి పెడుతుంది. చక్రానికీ హబ్‌కూ మధ్య పుట్టే రాపిడే బండి బరువునూ, బ్రేకు వేసినప్పటి దెబ్బనూ, మలుపులోని తోపునూ మోస్తుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ను ఆయిల్ లేని పొడి మరల మీద 108 న్యూటన్ మీటర్ల టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, బిగిస్తే, ఆ ఒక్క స్టడ్ లాగే బలం సుమారు 45 వేల న్యూటన్లు. నాలుగున్నర టన్నుల బరువు మీద పెట్టినంత. ఐదు స్టడ్లూ కలిస్తే ఇరవై రెండు టన్నుల పైమాట.

ఇంత బలానికి స్టడ్ ఎంత సాగుతుంది? లెక్క వేస్తే ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అటూఇటూగా. వెంట్రుక మందమంత. నన్ను నిజంగా భయపెట్టిన అంకె ఇదే. నట్టు కింద సీటు, అంటే చక్రంలో నట్టు కూర్చునే గుంట, వెంట్రుక మందం మేర నలిగినా, అణిగినా, అరిగినా ఆ ఇరవై రెండు టన్నుల బిగింపు దాదాపు మాయమవుతుంది. నట్టు ఒక్క మర కూడా వెనక్కి తిరగక్కర్లేదు. చక్రాల మీద వేసే పౌడర్ కోటింగ్ పొర మందమే చాలాసార్లు దానికన్నా ఎక్కువ ఉంటుంది. సీటు మీదకు, హబ్‌కు ఆనే వెనక ముఖం మీదకు ఆ కోటింగ్ పాకి ఉంటే, బండి నాలుగు రోజులు తిరిగేసరికి అది నలిగి చెదిరిపోతుంది. మీరు ఎంత గట్టిగా బిగించి పంపినా బిగింపు దానితోనే పోతుంది. రీపెయింట్ చేసిన చక్రాలు మీ దగ్గరికి వచ్చినప్పుడు దయచేసి వెనక ముఖం తిప్పి చూడండి. హబ్ మీద పేరుకున్న తుప్పు పొరకు కూడా ఇదే మాట. వైర్ బ్రష్‌తో రెండు నిమిషాల పని.

బిగింపు తగ్గాక ఏం జరుగుతుందో 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగం చేసి చూపించాడు. నట్టును వదులు చేసేది ప్రధానంగా బోల్టు పొడవునా వచ్చే కుదుపు కాదు, దానికి అడ్డంగా వచ్చే జారుడు. బిగింపు తగ్గి చక్రం హబ్ మీద పిసరంత పక్కకు జారడం మొదలైతే, నట్టు తనంతట తాను తిరుగుతుంది. నా బండికి జరిగింది అదే. ముందు సీటు నలిగింది, తర్వాత చక్రం జారింది, ఆ తర్వాతే నట్టు తిరిగింది. కస్టమరు వదులైన నట్టుతో వస్తే మనం ముందు అనుకునేది "సరిగ్గా బిగించలేదు" అని. దాన్ని మళ్లీ బిగించి పంపించేస్తే అసలు కారణం సీటులోనే మిగిలిపోతుంది.

ఇక సీటు సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బయట దొరికే అలాయ్ వీల్స్‌లో ఎక్కువ భాగం టేపర్ సీటువి, 60 డిగ్రీల కోణంతో. గరాటులో ఇంకో గరాటు కూర్చున్నట్టు నట్టు అందులో కూర్చుంటుంది. కూర్చుంటూనే చక్రాన్ని మధ్యకు లాక్కుంటుంది. హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి వంటి కార్ల కంపెనీ చక్రాలకు ఎక్కువగా గుండ్రటి సీటు ఉంటుంది, గోళీ అడుగుభాగంలాగా. అందులోనూ ఆ గుండ్రదనం వ్యాసార్థం 12, 13, 14 మిల్లీమీటర్లని తేడాలు ఉన్నాయి. టొయోటా కంపెనీ అలాయ్ చక్రాలు చాలావాటికి మూడో రకం: చదునైన సీటు, దాని మీద వాషర్, నట్టు కింద మెడలాగా కిందికి దిగే గొట్టం. ఆ గొట్టాన్నే షాంక్ అంటారు.

పాత నట్టు మర కలిసింది కదా అని కొత్త చక్రానికి వేస్తే ఏమవుతుంది? గుండ్రటి నట్టు టేపర్ గుంటలో పెడితే గరాటులో గోళీ వేసినట్టే. గోళీ గరాటుకు ఒక సన్నటి గీత వెంటే తగులుతుంది, మిగతా అంతా గాలే. నాలుగున్నర టన్నుల బలమంతా ఆ గీత మీద పడుతుంది. కింద ఉన్నది అల్యూమినియం, మీద ఉన్నది ఉక్కు. అల్యూమినియం నలగక ఏం చేస్తుంది? తిరగేసి టేపర్ నట్టును గుండ్రటి సీటులో పెట్టినా ఇంతే, అంచుల మీద ఆనుతుంది. చదును సీటు మీద టేపర్ నట్టు పెడితే మరీ ఘోరం, రంధ్రం అంచును కోసుకుంటూ లోపలికి దిగుతుంది. పైనుంచి చూసేవారికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. నట్టు ఆగిపోయింది, గట్టిగా ఉంది, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ కూడా టిక్కుమంది. నాకూ అలాగే కనిపించింది.

పైగా టార్క్ రెంచ్ ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. నట్టు తిప్పడానికి మనం పెట్టే శ్రమను పది పాళ్లనుకుంటే, దాదాపు ఐదు పాళ్లు సీటు దగ్గర రాపిడికే పోతాయి. నాలుగు పాళ్లు మరల్లో పోతాయి. స్టడ్‌ను సాగదీయడానికి మిగిలేది ఒక పాలు. సీటు కుదరకపోతే రాపిడి ఎటు మారుతుందో చెప్పలేం. రెంచ్ చూపే అంకె అదే ఉంటుంది, లోపల బిగింపు మాత్రం సగమే ఉండవచ్చు. కంపెనీ మాన్యువల్ ఇచ్చిన టార్క్ అంకెకు అర్థం ఉండేది దానికి తగిన సీటు ఉన్నప్పుడే.

సీటు కుదిరిందో లేదో తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్టు సీటుకు మార్కర్‌తో పల్చగా రంగు పూయండి. ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పేస్టు ఉంటే ఇంకా మంచిది. నట్టును గుంటలో పెట్టి చేత్తో నొక్కుతూ సగం చుట్టు తిప్పి తీయండి. రంగు వెడల్పాటి పట్టీలా అంటితే సీటు కుదిరినట్టు. దారం అంత గీతలా అంటితే ఆ నట్టు ఆ చక్రానిది కాదు. ఒక్క నట్టుకు ఒక్క నిమిషం. ఈ పరీక్ష కస్టమరుకు చూపించి చేయండి. మీ మీద అతనికి వచ్చే నమ్మకం ఏ ప్రకటనతోనూ రాదు.

వాషర్ల గురించి చెప్పాలంటే నాకు బాధ ఎక్కువే. నట్ల డబ్బాలో చేయి పెట్టి, చేతికొచ్చిన వాషర్ తీసి వేయడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. టేపర్ నట్టు రంధ్రంలోకి మరీ లోతుగా దిగుతోందని కింద ఒక చదును వాషర్ వేసేవారున్నారు. ఆ వాషర్ గరాటులో అడ్డంగా కూర్చుని వంగుతుంది, నట్టు టేపర్ చక్రాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. చక్రాన్ని మధ్యకు లాగేది ఉండదు, బిగింపును పట్టి ఉంచేదీ ఉండదు. టేపర్ నట్టు లోతుగా దిగుతోందంటే రంధ్రం అరిగిపోయింది, లేదా నట్టు సైజు తప్పు. వాషర్ దానికి మందు కాదు. గుండ్రటి సీటు నట్టుకూ అంతే. ఊడకుండా ఉంటుందని చీలిక ఉన్న స్ప్రింగ్ వాషర్ వేసేవారూ ఉన్నారు. అంత బిగింపు కింద ఆ స్ప్రింగ్ పూర్తిగా చదునైపోతుంది. అడ్డంగా జారే కదలికను అది ఆపలేదు. చక్రాల దగ్గర దానికి చోటు లేదు.

మరి వాషర్ తప్పనిసరిగా ఉండవలసిన చోటు చదును సీటు. అక్కడ దాని పని గొప్పది. నట్టు తిరుగుతుంది, వాషర్ కదలకుండా ఉంటుంది. ఉక్కు మీద ఉక్కు తిరుగుతుంది కాబట్టి అల్యూమినియం గీసుకుపోదు. బలం వెడల్పుగా పరచుకుంటుంది. రాపిడి ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి టార్క్ అంకెకు విలువ ఉంటుంది. ఆ వాషర్ ఒక్కటి పోయినా, "పర్లేదులే, నట్టు గట్టిగానే ఉంది" అనకండి. నట్టు అంచు నేరుగా అల్యూమినియాన్ని తవ్వుతుంది.

ఆ వాషర్ ఎలా ఉండాలి? గట్టిపరచిన ఉక్కుది కావాలి, మామూలు మెత్తటి రేకు వాషర్ గిన్నెలా వంగిపోతుంది. బయటి చుట్టు చక్రంలోని గుంటలో తేలిగ్గా, కానీ లొడలొడలాడకుండా కూర్చోవాలి. గుంట కన్నా పెద్దదైతే అంచు మీద ఎక్కి ఒక వైపుకు వాలుతుంది. లోపలి రంధ్రం షాంక్‌కు సరిపడా ఉండాలి. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి వేయకూడదు. తుప్పు పట్టి గుంటలు పడినవీ, వంగినవీ చెత్తబుట్టలో వేయండి. నట్టుకే అతుక్కుని తిరిగే వాషర్ ఉన్న రకం దొరికితే అదే తీసుకోమని కస్టమరుకు చెప్పండి. దారిలో టైరు మార్చేటప్పుడు చీకట్లో జారి పోదు, వేయడం మరచిపోయే వీలూ ఉండదు.

కోలగా సాగిన రంధ్రాలున్న చక్రాలు కొన్ని ఉంటాయి. ఒకే చక్రం రెండు రకాల పీసీడీకి, అంటే స్టడ్లన్నీ ఉండే వలయం వ్యాసానికి, సరిపోవాలని అలా చేస్తారు. వాటికి ఇచ్చే వాషర్ల రంధ్రం మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. ఆ వాషర్లన్నీ ఒకే తీరున, అన్నీ లోపలికో అన్నీ బయటికో ఉండాలి. ఒకటి తిరగబడితే చక్రం మధ్యలో కూర్చోదు, నట్టు షాంక్ రంధ్రం గోడకు తగిలి నలుగుతుంది. ఇలాంటి చక్రం మీ దగ్గరికి వస్తే తొందరపడకండి. ఆ వాషర్ల సెట్టు మొత్తం లేకుండా బిగించకండి.

షాంక్ పొడవు చాలామంది చూడనే చూడరు. షాంక్ చక్రం రంధ్రం లోతు కన్నా కొద్దిగా పొట్టిగా ఉండాలి, వాషర్ మందం కూడా లెక్కలోకి తీసుకుని. పొడవైతే చివర హబ్‌కో బ్రేక్ డిస్క్‌కో తగిలి ఆగిపోతుంది. నట్టు బిగిసింది, కానీ బిగిసింది హబ్‌ను పట్టుకుని. చక్రం మధ్యలో వదులుగా ఉంటుంది. పరీక్ష మళ్లీ సులువే: చక్రం పైకెత్తక ముందే వాషర్‌తో సహా నట్టును రంధ్రంలో వేసి, చక్రం వెనక నుంచి చూడండి. షాంక్ వెనక ముఖం దాటి బయటికి పొడుచుకు రాకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి.

మూసి ఉన్న టోపీ నట్లలోనూ ఇదే మోసం ఉంది. కంపెనీ స్టడ్ పొడవుగా ఉండి, కొత్త చక్రం పలుచగా ఉంటే, స్టడ్ చివర టోపీ లోపల అడుగుకు గుద్దుకుంటుంది. అక్కడితో నట్టు ఆగుతుంది, రెంచ్ టిక్కుమంటుంది, చక్రం కింద ఖాళీ అలాగే ఉంటుంది. నట్టు లోపలి లోతు, చక్రం దాటి బయటికి వచ్చే స్టడ్ పొడవు, రెండూ కొలిచి పోల్చండి. అనుమానం ఉంటే చివర తెరిచి ఉన్న నట్టు వాడండి.

దీనికి ఎదురు సమస్య మరలు తక్కువ పట్టడం. చక్రం మందంగా ఉన్నా, చక్రానికీ హబ్‌కూ మధ్య స్పేసర్ బిళ్ల వేసినా ఇది వస్తుంది. స్టడ్ వ్యాసం ఎంతో, అంత పొడవైనా మరలు పట్టాలన్నది ఇంజనీర్లు పాటించే పాత లెక్క. చుట్లలో చెబితే 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లయితే 8 చుట్లు, 1.25 అయితే దాదాపు 10 చుట్లు, 14 బై 1.5కు దాదాపు తొమ్మిదిన్నర. నట్టు సీటుకు ఆనిన దగ్గర మార్కు పెట్టి వెనక్కి విప్పుతూ లెక్కపెట్టండి. నాలుగైదు చుట్లకే ఊడి చేతికి వస్తే ఆ చక్రం ఆ స్టడ్‌తో రోడ్డు మీదకు వెళ్లకూడదు. పొడవు స్టడ్లు వేయాలి. అది ఖర్చూ సమయమూ అని మీకు తెలుసు, అయినా కస్టమరుకు చెప్పండి. నాలాంటివాడికి చెబితే ఆ డబ్బు సంతోషంగా ఇచ్చేవాడు.

నట్లు కాక బోల్టులు వాడే కార్లు ఉన్నాయి. అక్కడ పొట్టిదైతే మరలు చాలవు, పొడవైతే హబ్ దాటి వెనక ఉన్న భాగాలకు తగులుతుంది. చక్రం మార్చినప్పుడల్లా బోల్టు పొడవు కొలవాల్సిందే. బిగించాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి వినండి.

పిచ్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. సుజుకి, నిస్సాన్, సుబారు కార్లకు సాధారణంగా 12 బై 1.25. టొయోటా, హోండా, హ్యుందాయ్‌లకు ఎక్కువగా 12 బై 1.5. ఫోక్స్‌వ్యాగన్, ఆడి బోల్టులు 14 బై 1.5. రెండు రకాల 12 నట్లూ పక్కపక్కన పెడితే కంటికి ఒకటే. తప్పు నట్టు కూడా ఒకటి రెండు చుట్లు చేత్తో ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. చేతికి ఆగింది, నట్లు తిప్పే గన్‌కు ఆగదు. గన్ దాన్ని మరలు కోసుకుంటూ చివరిదాకా తోసేస్తుంది. అందుకని నా మొదటి విన్నపం: నట్టు సీటుకు ఆనేదాకా వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో ఎక్కని నట్టును గన్‌తో ఎక్కించకండి.

గన్ మీద నాకు కోపం లేదు, విప్పడానికి అది మంచి సాధనం. బిగింపు చివరి దశ మాత్రం టార్క్ రెంచ్‌తో, నక్షత్రం గీసినట్టు ఎదురెదురు నట్లు మార్చుకుంటూ, రెండు విడతల్లో చేయండి. మొదటి విడత చక్రం గాల్లో ఉండగా, రెండోది టైరు నేలకు ఆనాక. ఎంతకు బిగించాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్లకు చాలా కార్లలో 100 నుంచి 110 న్యూటన్ మీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ వంటి 14 మిల్లీమీటర్ల బోల్టులకు 120. అన్ని బండ్లకూ ఒకటే అంకె అనుకోకండి.

మరలకు గ్రీజు, ఆయిల్ రాయడం మేలు చేస్తున్నామనే ఉద్దేశంతోనే జరుగుతుంది. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ అంకె పొడి మరలకు ఇచ్చినది. ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్ పాతిక నుంచి ముప్పై శాతం ఎక్కువ సాగవచ్చు. 8.8 తరగతి (స్టడ్ బలాన్ని చెప్పే అంకె) స్టడ్ అయితే తట్టుకోగల హద్దు దాటిపోతుంది. ఒకసారి హద్దు దాటి సాగిన స్టడ్ మళ్లీ స్ప్రింగ్‌లా పనిచేయదు. విరిగిన స్టడ్ ఒకటి కనిపిస్తే దాని పక్కవాటినీ అనుమానించాలి, ఎందుకంటే అది విరిగాక ఆ భారం అవే మోశాయి. నా బండికి ఆ చక్రం ఐదు స్టడ్లూ మార్పించాను. కొత్తవి 10.9 తరగతివి. మొదటి అంకె 10 అంటే చదరపు మిల్లీమీటరుకు వెయ్యి న్యూటన్ల తెగే బలం, 9 అంటే అందులో తొంభై శాతం దాకా శాశ్వతంగా సాగకుండా ఉండే గుణం. ఎంత చిన్న అంకెలో ఎంత సమాచారం ఉందో చూడండి. ఆ అంకె లేని స్టడ్లు తీసుకోకండి.

రంగురంగుల అల్యూమినియం నట్ల మీద మోజు ఉన్న కుర్రవాళ్లు మీ దగ్గరికి చాలామంది వస్తారు. తేలిక నిజమే. కానీ అల్యూమినియం మరలు ఉక్కు స్టడ్‌తో రాసుకుని పట్టేస్తాయి, పదేపదే విప్పి బిగిస్తే అరిగిపోతాయి. ప్రతిసారీ వాటిని పరీక్షించి మార్చే రేసు బండికి అవి సరే. రోజూ ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగే కారుకు ఫోర్జింగ్ చేసిన ఉక్కు నట్లే ఇవ్వండి. మీద పలుచటి మెరుపు రేకు తొడిగిన రెండు ముక్కల నట్లకన్నా ఒకే ముక్కవి నయం. ఆ రేకు లోపల తుప్పు చేరి ఉబ్బితే పానా పట్టదు. రంధ్రం ఇరుకుగా ఉన్న చక్రాలకు వాడే, ప్రత్యేక తాళంతో తిప్పే సన్నటి నట్లు అమ్మితే, ఆ తాళం కారులోనే పెట్టమని చెప్పి పంపండి. గన్ దెబ్బకు ఆ తాళం చీలిపోతుందని కూడా చెప్పండి.

హబ్ రింగుల మాట క్లుప్తంగా. బయటి చక్రాల మధ్య రంధ్రం తరచు 73.1 మిల్లీమీటర్లు ఉంటుంది, హోండా హబ్ కొన్నింటికి 64.1, సుజుకి చాలావాటికి 54.1. ఆ ఖాళీని నింపే రింగు చక్రాన్ని మధ్యలో నిలబెట్టి నట్లు సమంగా కూర్చునేలా చేస్తుంది. చదును సీటు చక్రాలకు ఇది మరీ ముఖ్యం, అక్కడ మధ్యకు లాగే టేపర్ లేదు. రింగు ఇచ్చారు కదా అని సీటు తప్పును అది సరిదిద్దదు. 112 పీసీడీ చక్రాన్ని 114.3 హబ్‌కు ఎక్కించడాన్ని ఏ రింగూ, ఏ వాషరూ సరిదిద్దదు. నట్లు వాలి కూర్చుంటాయి, అంతే.

చక్రం మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు ఉన్నాయా అని అడిగే కస్టమర్లు ఈమధ్య పెరిగారు, మంచిదే. అవి చక్రం బలం గురించి జపాన్ పెట్టిన ప్రమాణాల గుర్తులు. నట్టు మీద అలాంటి గుర్తు ఉండదు. ఆ చక్రానికి ఈ నట్టు సరైనదని చెప్పగలిగింది బిగించే మనిషి ఒక్కడే. చక్రానికి గుర్తింపు ముద్ర పరీక్షశాల వేస్తే, నట్టుకు మీరే వేయాలి.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. మీరిచ్చే బిల్లు మీద చక్రం డిజైన్ పేరుతో పాటు ఇంకో గీత రాయండి: సీటు రకం, మర సైజు, పిచ్, షాంక్ ఉంటే దాని పొడవు, వాషర్ ఉందా లేదా, బిగించిన టార్క్ ఎంత. రాయాలంటే కొలవాలి. కొలిస్తే నాకు జరిగినది ఇంకొకరికి జరగదు. చక్రాల ధరలో నట్ల ధర కలిపి చెప్పండి. "నట్లు కావాలంటే వేరే తీసుకోవచ్చు" అంటే కస్టమరు తగ్గించుకునే ఖర్చుల్లో మొదటిది అదే అవుతుంది. నేనూ తగ్గించుకునేవాణ్ణేమో. చక్రాలు టోకున పంపే డీలర్లు ఈ లేఖ చదివితే, పెట్టెలోనే సీటు కోణమో వ్యాసార్థమో రాసిన కాగితం పెట్టమని వారినీ అడుగుతున్నాను. షాపు కుర్రాడు చూపుతో పోల్చుకోవలసిన అవసరం ఉండకూడదు.

పాత నట్లను మీ డబ్బాలో వేసుకోకండి. కొత్త చక్రం సీటుకు కుదరవని వాటిని మీరు తీసేసినా, స్టెప్నీ మాత్రం కంపెనీదే. దాని ఉక్కు రిమ్ముకు పాత నట్లే కావాలి. కొత్త పొడవు షాంక్ నట్లు ఆ పలుచటి రేకు రిమ్మును పట్టుకోలేవు, షాంక్ వెళ్లి హబ్‌కు తగులుతుంది. దారిలో పంక్చరైన మనిషి డిక్కీ తెరిచి స్టెప్నీ తీస్తే, చేతిలో ఉన్న ఐదు నట్లూ దానికి పనికిరావని అప్పుడు తెలియడం ఎంత టెన్షనో ఊహించండి. పాత నట్లు కవర్లో వేసి, కవరు మీద "స్టెప్నీకి" అని రాసి, స్టెప్నీ గుంటలోనే పెట్టి ఇవ్వండి.

చివరిగా, కొత్త చక్రాలు వేసిన బండిని 80 నుంచి 150 కిలోమీటర్ల లోపు ఒకసారి వెనక్కి రమ్మనండి. పూత అణిగినా, సీటు సర్దుకున్నా ఆ దూరంలోనే బయటపడుతుంది. డబ్బు తీసుకోకుండా టార్క్ చూసి పంపండి, పది నిమిషాలు పట్టదు. నట్టు వదులైతే మళ్లీ బిగించి పంపేయకండి, ఒకటి విప్పి సీటు చూడండి. "స్టీరింగ్ వణుకుతోంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే, బ్యాలెన్సింగ్ గురించి మాట్లాడే ముందు "బండి ఎక్కడుందో అక్కడే ఆపి నట్లు చేత్తో పట్టి చూడండి" అని చెప్పండి. ఆ రోజు నేను వారాంతం దాకా ఆగుదామనుకున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్లలో ఒకడు